అరిగిన టైరుకు గాలి సంచి కాపలా

హైవే మీద వెళ్తుంటే పక్కన నల్లగా, పొడుగ్గా పడి ఉన్న రబ్బరు పట్టీలు మీరూ చూసే ఉంటారు. దూరం నుంచి చచ్చిన పాములా కనిపిస్తుంది. బైక్ మీద ఉన్నవాళ్లకైతే గుండె ఒక్కసారి జారుతుంది. కారులో ఉన్న పెద్దవాళ్లు వెంటనే తీర్పు చెప్పేస్తారు. ‘రీబటన్ టైరు రా, ఊడిపోయింది. కక్కుర్తి పడితే అంతే మరి!’

ఆ తీర్పు ఎంతవరకు నిజమో తేల్చుకోవాల్సిన అవసరం మా ఇంట్లోనే వచ్చింది.

మాది గంపలగూడెం. ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరు దగ్గర, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. మామిడి, మిర్చి, పత్తి... ఏది పండినా ఊరు దాటాలంటే లారీ ఎక్కాల్సిందే. మా మావయ్యకు అలాంటి లారీ ఒకటుంది. పది చక్రాలది. దానితోపాటు నెలనెలా కట్టాల్సిన ఫైనాన్స్ కిస్తీ కూడా ఉంది. మామిడి సీజన్ ఇంకో నెలలో మొదలవుతుందనగా వెనక టైర్లు నాలుగు అరిగి నున్నగా అయిపోయాయి. కొత్తవి వేయాలా, రీట్రెడ్ చేయించాలా?

‘ఏరా అల్లుడూ, మెకానికల్ చదివావుగా, నువ్వు చెప్పు’ అన్నాడు మావయ్య.

మెకానికల్ చదివి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్న లక్షల మందిలో నేనొకడిని. అయినా ప్రశ్న నచ్చింది. వర్క్ ఫ్రం హోమ్‌లో ఉన్నా కాబట్టి ఒకరోజు సెలవు పెట్టి, ఆ నాలుగు టైర్లతో, మావయ్య లారీ నడిపే డ్రైవరన్నతో కలిసి తిరువూరు, మైలవరం మీదుగా విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరా. దారిలో డ్రైవరన్న ఒక్కటే మాట అన్నాడు: ‘డబ్బులు మీ మావయ్యవి బాబూ. టైరు పేలితే ముందు పోయేది నేను.’

అందుకే ఆ రోజు నేను టైరు ధర కంటే, టైరు ఎలా అతుకుతుందన్నదే ఎక్కువగా చూశా. చూసినకొద్దీ అర్థమైంది ఏమిటంటే, రీట్రెడ్ టైరు బలం మనకు పైన కనిపించే కొత్త రబ్బరులో సగమే ఉంది. మిగతా సగం మన కంటపడని రెండు గాలి సంచుల్లో ఉంది.

ముందు డబ్బు లెక్క

లారీ టైరు కొత్తది కొనాలంటే ఇరవై వేల పైమాటే. రీట్రెడ్ చేయిస్తే దాదాపు మూడో వంతులో అయిపోతుంది. నాలుగు టైర్లంటే తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి. సొంత లారీ ఉన్న చిన్న యజమానికి అది రెండు నెలల కిస్తీ కావచ్చు, ఇంట్లో పిల్లల ఫీజు కావచ్చు.

ఇంత తేడా ఎందుకు? టైరులో ఎక్కువ ఖర్చు, ఎక్కువ పనితనం ఉండేది లోపలి బాడీలో. దీన్నే కేసింగ్ అంటారు. ఉక్కు తీగలు, నైలాన్ దారాలు, పొరలు పొరలుగా రబ్బరు. లోడు మోసేది అదే. రోడ్డుకు రాసుకుని అరిగేది మాత్రం పైనున్న ట్రెడ్ ఒక్కటే. చెప్పు అడుగు అరిగితే చెప్పు మొత్తం పారేయకుండా అడుగు మార్పించుకున్నట్టే, టైరుకి పై పొర మార్పిస్తారు. కొందరు రీట్రెడ్ అంటారు, కొందరు రీబటన్ అంటారు.

ఒక లారీ టైరు కొత్తగా చేయడానికి సుమారు 83 లీటర్ల చమురు ఖర్చయితే, రీట్రెడ్‌కు 26 లీటర్లు సరిపోతుందని ఈ పరిశ్రమలో ఎప్పట్నుంచో చెప్పే లెక్క. పారేసిన టైరు మట్టిలో కలవదు. వాన నీళ్లు నిలిస్తే డెంగీ దోమకు అంతకంటే మంచి ఇల్లు ఉండదు. కాబట్టి ఒక కేసింగ్‌ను ఇంకోసారి వాడుకోవడం జేబుకే కాదు, ఊరికీ మంచిదే.

ఇది బీదవాళ్ల ఏర్పాటు అనుకుంటే పొరపాటు. విమానాల టైర్లను కూడా ఒకటికి నాలుగుసార్లు రీట్రెడ్ చేసి వాడతారు. మీరు శంషాబాద్‌లో దిగిన ఫ్లైట్ కూడా అలాంటి టైర్ల మీదే నేలను తాకి ఉండొచ్చు. మన ఆర్టీసీకీ సొంత రీట్రెడింగ్ షాపులున్నాయి.

చెక్కడం, పూయడం, చుట్టడం

మేం వెళ్లిన షాపు పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, గాల్లో రబ్బరు పొడి, ఒక మూల కంప్రెసర్ హోరు. పని మాత్రం వరసగా, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతోంది.

ముందు తనిఖీ. టైరు అంచులను మెషీన్‌తో విడదీసి, లోపల బల్బు పెట్టి, వేళ్లతో తడుముతూ చూస్తారు. మేకు దిగిన చోటు, పొరలు విడిపోయిన చోటు, తీగ బయటపడిన చోటు దొరికితే సుద్దతో గుర్తు పెడతారు. పెద్ద ప్లాంట్లలో దీనికి లేజర్‌తో పనిచేసే యంత్రాలున్నాయి. ఇక్కడ మాత్రం ఒక పెద్దాయన వేళ్లే స్కానర్.

తర్వాత బఫింగ్. పాత ట్రెడ్‌ను గీకేసి, టైరు చుట్టూ ఒకే వంపు వచ్చేలా, పైభాగం గరుకుగా ఉండేలా చేస్తారు. దెబ్బలు తగిలిన చోట్లు శుభ్రం చేసి, రబ్బరుతో పూడుస్తారు. ఆ తర్వాత సొల్యూషన్ పూస్తారు. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. చెక్కిన రబ్బరు గాలికి, దుమ్ముకి ఎక్కువసేపు ఉంటే అతుకు గుణం తగ్గిపోతుంది.

ఆ పైన కుషన్ గమ్ అనే పలుచని పచ్చి రబ్బరు పొర. దాని మీద ఫ్యాక్టరీ నుంచి డిజైన్‌తో సహా ముందే ఉడికి వచ్చిన ట్రెడ్ పట్టీ. టైరు చుట్టుకొలతకు సరిగ్గా కోసి, చుట్టి, రోలర్‌తో నొక్కుతారు. చూడటానికి టైరు రెడీ అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఈ దశలో గట్టిగా లాగితే పట్టీ ఊడి చేతికి వచ్చేస్తుంది. అసలు అతుకు ఇంకా మొదలే కాలేదు.

రెండు సంచుల మధ్య టైరు

ఇక్కడికి వస్తుంది మన కథ.

టైరు లోపల ఒక మందపాటి ట్యూబ్ పెట్టారు. మన లారీ ట్యూబ్‌కి అన్నయ్యలా ఉంది. వేడికి తట్టుకోవడానికే చేసిన క్యూరింగ్ ట్యూబ్ అది. దాని కింద ఫ్లాప్, ఆపైన రిమ్ బిగించారు. టైరు బయట ఎన్వలప్ తొడిగారు. ఎన్వలప్ అంటే ఉత్తరాల కవరు గుర్తొస్తుంది కదా. ఇది రబ్బరు కవరు. టైరు ఆకారంలోనే సాగే ఒక పెద్ద తొడుగు. ట్రెడ్‌నీ, రెండు పక్కల గోడల్నీ కప్పి రిమ్ దగ్గర గాలి పోకుండా అతుక్కుంటుంది. దానికి ఒక వాల్వ్, ఆ వాల్వ్‌కి ఒక గొట్టం.

ఇలా రెండు సంచుల మధ్య ఇరుక్కున్న టైర్లను ఒక పెద్ద ఇనుప చాంబర్‌లో వరసగా వేలాడదీసి, గుండ్రటి తలుపు మూసి బిగించారు. లోపల వేడి గాలి తిరుగుతుంది. సుమారు 100 డిగ్రీలు, ఆపైన కొంచెం. మూడు నాలుగు గంటలు. దీన్ని ‘కోల్డ్ ప్రాసెస్’ అంటారు. నీళ్లు మరిగే వేడిని కోల్డ్ అంటారేంటని అడిగా. పాత పద్ధతిలో టైరును అచ్చులో పెట్టి దాదాపు 150 డిగ్రీల్లో ఉడికించేవాళ్లట. దానితో పోలిస్తే ఇది చల్లనిదే మరి!

ఆ వేడికి కుషన్ గమ్ ముందు మెత్తబడుతుంది, తర్వాత ఉడికి గట్టిపడుతుంది. ఆ క్రమంలో కింద కేసింగ్‌ని, పైన ట్రెడ్‌ని పట్టుకుని మూడూ ఒకటే రబ్బరు అయిపోతాయి. కానీ అలా కావాలంటే ఆ మూడు నాలుగు గంటలూ ట్రెడ్‌ను టైరుకు చుట్టూ ఒకేలా అదిమి పట్టుకునేవాళ్లు ఉండాలి. ఏ ఇనుప పట్టీ పెట్టినా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ నొక్కుతుంది. గాలికి ఆ పక్షపాతం లేదు. వంపు ఎలా ఉన్నా అన్నివైపులా ఒకేలా నొక్కుతుంది. అందుకే ఈ పని గాలికి అప్పజెప్పారు.

మూడు ముళ్లు కాదు, మూడు గేజ్‌లు

చాంబర్ పక్కన గోడ మీద వరసగా గేజ్‌లున్నాయి. ఆ షాపులో ఆ రోజు ట్యూబ్‌లో 8 కేజీలు, చాంబర్‌లో 6 కేజీలు, ఎన్వలప్ లోపల 4 కేజీలు. కేజీ అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువు. 6 కేజీలంటే సుమారు 85 పీఎస్ఐ. మన కారు టైర్లలో ఉండేది 32 పీఎస్ఐ చుట్టుపక్కల. ఈ అంకెలు మెషీన్‌ని బట్టి, పద్ధతిని బట్టి మారతాయి. మారనిది ఏమిటంటే వాటి మధ్య తేడా.

చాంబర్‌లో 6, ఎన్వలప్ లోపల 4. అంటే ఎన్వలప్‌ని బయటినుంచి 2 కేజీల తేడా లోపలికి నొక్కుతోంది. ఇది చిన్న అంకెలా ఉందా? లారీ టైరు చుట్టుకొలత సుమారు 3.3 మీటర్లు. ట్రెడ్ వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. మొత్తం వైశాల్యం 6,600 చదరపు సెంటీమీటర్లు. ఒక్కోదాని మీద 2 కిలోలు. అంటే చుట్టూ కలిపి 13 టన్నులకు పైగా! ఒక పలుచని రబ్బరు తొడుగు ఆసరాతో, ఒక్క బోల్టు లేకుండా, అంత బలం ఆ ట్రెడ్ పట్టీని అదిమి పట్టుకుని ఉంటుంది.

మరి బయటినుంచి ఇంత నొక్కితే మెత్తబడ్డ టైరు లోపలికి నలిగిపోదా? అందుకే లోపలి ట్యూబ్. అందులో 8 ఉంటే చాంబర్ కన్నా 2 ఎక్కువ. లోపలినుంచి కేసింగ్‌ను రొమ్ము విరుచుకుని నిలబెట్టేది అదే. బయటి సంచి నొక్కుతుంది, లోపలి సంచి ఆపుతుంది. ఈ రెండింటి మధ్య అతుకు పడుతుంది.

కొన్ని కొత్త షాపుల్లో లోపల ట్యూబ్, ఫ్లాప్, రిమ్ బదులు ఇంకో ఎన్వలప్ వాడతారు. లోపలా బయటా రెండు తొడుగులు, మధ్యలో గాలి తీసేయడం. బరువైన రిమ్‌లు ఎత్తే బాధ తప్పుతుంది. సూత్రం మాత్రం అదే, గాలి తేడా.

చప్పుడు చేయని తప్పు

నా ఉద్యోగంలో మేం అందరికంటే ఎక్కువ భయపడేది క్రాష్ అయ్యే ప్రోగ్రామ్‌కి కాదు. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. ఎర్రర్ చూపించకుండా, స్క్రీన్ మీద పచ్చ టిక్ పెట్టి, లోపల తప్పు లెక్క చేసేదానికి భయపడతాం. టైరు షాపులో అచ్చం అలాంటిదే ఒకటి కనిపించింది.

ఎన్వలప్‌కి సూది బెజ్జమంత చిల్లు పడిందనుకోండి. ఏం జరుగుతుంది? పేలుడు ఉండదు. చాంబర్‌లోని గాలి ఆ చిల్లులోంచి ఎన్వలప్ లోపలికి దూరుతుంది. అక్కడి 4 కాస్తా మెల్లగా 5, తర్వాత 6 అవుతుంది. లోపలా బయటా సమానమైతే నొక్కే బలం సున్నా. వేడి మాత్రం ఆగదు. కుషన్ గమ్ ఉడికిపోతుంది, కానీ నొక్కుడు లేకుండా ఉడుకుతుంది. మధ్యలో గాలి బుడగలు మిగిలిపోతాయి. తలుపు తీసి చూస్తే టైరు నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ లోపం కంటికి కనిపించకుండా లారీ ఎక్కి, మే నెల మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద, పదిహేను టన్నుల మామిడికాయల కింద బయటపడుతుంది.

దీన్ని ముందే చెప్పేది ఒక్క గేజ్. ఎన్వలప్ ముల్లు చాంబర్ ముల్లు వైపు జరుగుతోందంటే చిల్లు ఉన్నట్టే. ఆ షాపులో చాంబర్ చూసుకునే కుర్రాడు, నా వయసే ఉంటుంది, ఫోన్‌లో రీల్స్ చూస్తున్నట్టే ఉన్నాడు. కానీ పావుగంటకోసారి లేచి, గోడ దగ్గరికి వెళ్లి, ఒక్కో టైరు గొట్టానికున్న రీడింగ్‌ను చిరిగిన రిజిస్టర్‌లో రాస్తున్నాడు. ‘ముల్లు జరిగితే ఏం చేస్తావు’ అని అడిగా. ‘ఆ లైన్ కట్టేసి, గాలి మొత్తం దింపి, ఆ టైరు బయటికి తీస్తా అన్నా. తొందరగా తెలిస్తే ఎన్వలప్ మార్చి మళ్లీ పెడతాం. లేటుగా తెలిస్తే అది గీకేసి మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. రబ్బరు, సొల్యూషన్, కరెంటు అన్నీ నష్టమే.’

అసలు పరీక్ష ఇదేనని నాకు అనిపించింది. నష్టమని తెలిసినా ఆ టైరును పక్కకు తీసే షాపు ఒకటి, ‘ఏం కాదులే’ అని బయటికి పంపే షాపు ఇంకొకటి. బయట బోర్డు మీద ఈ తేడా రాసి ఉండదు.

ఎన్వలప్‌లు, ట్యూబ్‌లు కూడా ముసలివవుతాయి. ప్రతిసారీ మరిగే వేడి, ప్రతిసారీ సాగడం, ముడుచుకోవడం. కొన్నాళ్లకు రబ్బరు బిగుసుకుపోయి సన్నని పగుళ్లు వస్తాయి. మంచి షాపు వాటిని ఎండ తగలకుండా, నూనె అంటకుండా పెడుతుంది. ఎన్నిసార్లు వాడిందో లెక్క రాసుకుంటుంది. ట్యూబ్‌లను నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూస్తుంది. పంక్చర్ షాపులో మనం చిన్నప్పుడు కళ్లార్పకుండా చూసిన దృశ్యమే కదా.

బుడగల నుంచి మొదలైన కంపెనీ

ఈ పనికి వెనక పెద్ద చరిత్రే ఉంది. రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే జిగురు పోయి గట్టిపడుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1844లో పేటెంట్ వచ్చింది. ఆయన మాత్రం 1860లో అప్పుల్లోనే చనిపోయాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీతో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ముందే ఉడికించిన ట్రెడ్‌ను తక్కువ వేడిలో అతికించే పద్ధతిని తెచ్చింది జర్మనీకి చెందిన బెర్నార్డ్ ఆంటన్ నోవాక్. అయోవా రాష్ట్రంలోని మస్కటీన్ అనే ఊరికి చెందిన రాయ్ కార్వర్ ఆ హక్కులు తీసుకుని 1957లో అమెరికాలో బాండాగ్ కంపెనీ పెట్టాడు. బాండాగ్ అన్న పేరు నోవాక్ పేరులోని అక్షరాలు, ఆయన ఊరు డార్మ్‌స్టాట్ కలిపి కట్టిందే. 2007లో దాన్ని బ్రిడ్జ్‌స్టోన్ కొనేసింది.

ట్యూబ్ విషయానికొస్తే, మామూలు రబ్బరులోంచి గాలి మెల్లగా కారిపోతుంది. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ ప్రయోగశాలలో విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అనే ఇద్దరు బ్యూటైల్ రబ్బరు తయారుచేశారు. గాలిని బాగా పట్టి ఉంచుతుంది, వేడికీ తట్టుకుంటుంది. ట్యూబ్‌ల కథ అక్కడే మారిపోయింది.

మన దగ్గర కథ ఇంకా సరదాగా ఉంటుంది. కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్లై అనే కేరళ యువకుడు 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఒక చిన్న షెడ్డులో పిల్లలాడుకునే బుడగల తయారీ మొదలుపెట్టాడు. 1952లో ట్రెడ్ రబ్బరులోకి దిగాడు. అంటే అరిగిన టైర్లకు వేసే రబ్బరే. తర్వాతే కొత్త టైర్లు. సచిన్ బ్యాట్ మీద మనం చూసిన ఎంఆర్ఎఫ్ స్టిక్కర్ వెనక మొదట ఉన్నవి బుడగలు, ఆ తర్వాత రీట్రెడింగ్ అన్నమాట!

చాంబర్ ముందు నిలబడే మనిషి

ఇంత గాలి, ఇంత వేడి ఒక ఇనుప డబ్బాలో పెట్టినప్పుడు రోడ్డు మీదివాళ్ల భద్రత ఒక్కటే చూస్తే సరిపోదు. 6 కేజీల ఒత్తిడి అంటే ఒక మీటరు వెడల్పున్న తలుపు మీదే 45 టన్నులకు పైగా బలం. చాంబర్ తలుపు ఇంకా పెద్దది. లోపల ఒత్తిడి సున్నా కాకుండా గడియ తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒత్తిడి ఉన్నంతసేపు గడియ కదలకుండా ఆపే ఏర్పాటు, తనంతట తానే గాలి వదిలే సేఫ్టీ వాల్వ్... ఈ రెండూ పనిచేస్తున్నాయా లేదా అన్నదే ఆ కుర్రాడి ప్రాణానికి హామీ. ఆ షాపులో తలుపు ఎదురుగా ఎవరూ నిలబడకూడదని నేల మీద పసుపు గీత గీశారు. నేను ఫొటో కోసం దాటబోతే ‘అన్నా, వెనక్కి’ అని భుజం పట్టి లాగాడు. అప్పుడు ఆ షాపు మీద నమ్మకం ఇంకాస్త పెరిగింది.

మరి రోడ్డు మీద ఆ పాములు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హైవే మీద పడున్న రబ్బరు పట్టీలన్నీ రీబటన్ పాపమేనా? అమెరికా రోడ్డు భద్రతా సంస్థ కోసం మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు హైవేల మీద లారీ టైరు ముక్కలు ఏరి పరీక్షించారు. 2008లో నివేదిక వచ్చింది. ఆ ముక్కల్లో కొత్త టైర్లవీ ఉన్నాయి, రీట్రెడ్‌వీ ఉన్నాయి. రోడ్డు మీద తిరిగే టైర్లలో ఏది ఎంత వాటా ఉందో, ముక్కల్లోనూ దాదాపు అంతే వాటా ఉంది. ఎక్కువ టైర్లు చెడిపోవడానికి కారణాలు రోడ్డు మీది మేకులు, రాళ్లు, తక్కువ గాలి, దానివల్ల పుట్టిన వేడి.

మన రోడ్ల మీద దీనికి ఓవర్‌లోడ్ కూడా కలుపుకోవాలి. గాలి తక్కువగా ఉన్న టైరు తిరిగే ప్రతి చుట్టులో పక్క గోడలు ఎక్కువగా వంగుతాయి. వంగినకొద్దీ వేడి. వేడికి అతుకులు, పొరలు వదులవుతాయి. కొత్త టైరైనా అంతే, రీట్రెడ్ అయినా అంతే. కాబట్టి షాపులో గాలి తేడా పోతే ఎంత ప్రమాదమో, రోడ్డు మీద గాలి తగ్గితే అంతే ప్రమాదం.

చేయించే ముందు అడగాల్సినవి

మీ ఇంట్లో లారీయో, ట్రాక్టర్ ట్రక్కో, స్కూల్ బస్సో ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి: టైరు పూర్తిగా నున్నగా అయ్యేదాకా ఆగొద్దు. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం కార్లు, లారీల ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. తీగలు బయటపడ్డాక ఏ షాపూ ఏమీ చేయలేదు.

రెండు: ‘ఎన్ని పక్కన పెట్టావు?’ అని షాపులో అడగండి. తెచ్చిన ప్రతి టైరూ ఓకే అనే షాపు కంటే, కొన్నింటిని కాదనే షాపు మేలు.

మూడు: చాంబర్ చూపించమనండి. ఎన్వలప్‌కు విడిగా గేజ్ ఉందా? రీడింగులు రాస్తున్నారా? ఎన్వలప్‌లు ఎలా దాచారు? ఇవి చూడటానికి మెకానికల్ డిగ్రీ అక్కర్లేదు.

నాలుగు: ముందు చక్రాలకు రీట్రెడ్ వద్దు. అమెరికాలో బస్సుల ముందు చక్రాలకు రీట్రెడ్ వేయడం చట్టరీత్యా నిషేధం. వెనక జంట టైర్లలో ఒకటి పోయినా పక్కది కొంతసేపు కాస్తుంది. ముందు టైరు పోతే స్టీరింగే పోయినట్టు.

ఐదు: ఫిట్ చేశాక వారానికోసారైనా గాలి చూడండి. అదీ ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడు. తన్ని చూస్తే తెలిసేది టైరు ఉందని మాత్రమే, గాలి ఎంత ఉందో కాదు.

కారు, బైకు వాళ్లకు మాత్రం ఈ సలహా ఇవ్వను. చిన్న టైర్లకు ఖర్చుతో పోలిస్తే మిగిలేది తక్కువ. వాటికి కొత్తవే మంచిది.

మావయ్య లెక్క తేలింది

మేం తీసుకెళ్లిన నాలుగు టైర్లలో రెండు వెంటనే ఓకే అయ్యాయి. ఒకదానికి మేకు దెబ్బ ఉంటే లోపలినుంచి ప్యాచ్ వేసి చేస్తామన్నారు. నాలుగోదాన్ని పెద్దాయన వేళ్లతో తడిమి, ‘తక్కువ గాలితో చాలా దూరం తిప్పారు. లోపల పొర విడింది’ అని పక్కకు దొర్లించేశాడు. డ్రైవరన్న తల దించుకుని ‘అది లోపలివైపు టైరు బాబూ, గాలి కనపడదు’ అన్నాడు. నిజమే. జంట టైర్లలో లోపలిది ఎవరూ వంగి చూడరు.

మావయ్యకు ఫోన్ చేసి చెప్పా. మూడు రీట్రెడ్, ఒకటి కొత్తది. ‘నాలుగూ చేయించొచ్చుగా, ఇంకో షాపులో అడగరాదూ?’ అన్నాడు. ఏ షాపైనా ఆ టైరు తీసుకుంటానంటే ఆ షాపుకి మిగతా మూడూ ఇవ్వొద్దని చెప్పా. కాసేపు అవతల మాట లేదు. తర్వాత ‘సర్లే, కొత్తదొకటి పట్రండి’ అన్నాడు.

కాదన్న టైరు మళ్లీ లారీ ఎక్కలేదు. ఊళ్లో ఒక రైతు ఎడ్లబండికి వేసుకుంటానని పట్టుకెళ్లాడు. ఎద్దుల నడకకు అది ఇంకో పదేళ్లు తిరుగుతుంది. కొత్త టైరుతోపాటు నేను ఒక మంచి గాలి గేజ్, లోపలి టైరు వాల్వ్ బయటికి అందేలా పెట్టే పొడిగింపు గొట్టాలు కొన్నా. అన్నీ కలిపినా వీకెండ్ బిర్యానీ పార్టీ ఖర్చంత కూడా కాలేదు.

సీజన్ అయిపోయింది. లారీ బంగినపల్లి, కలెక్టర్ లోడ్లు దింపి వచ్చింది. మూడు రీట్రెడ్ టైర్లూ ఇంకా దాని కిందే ఉన్నాయి. డ్రైవర్ క్యాబిన్‌లో దేవుడి ఫొటో పక్కన ఒక చిన్న నోట్‌బుక్ వేలాడుతోంది. అందులో తేదీ, పది టైర్ల గాలి రీడింగులు. చేతిరాత డ్రైవరన్నది.